మరపు త్యాగము కాదు

కలశమునందు దేవతను ఆవాహనము చేసి వ్రతమాచరించిన గృహస్థుడు, వ్రతము ముగిసినంతనే పీటమీదినుండి లేచిపోడు. యథాస్థానమునకు వేంచేయుమని ప్రార్థించి, అక్షతలుంచి, కలశమును కదిపి, ఉద్వాసన చెప్పిన పిదపనే లేచును. ఆ తీర్థమును ఇల్లెల్ల ప్రోక్షించి, మిగిలినదానిని తులసికోటలో విడుచును. ఏదో తొందరపనిలో పడి ఉద్వాసన మరచినవానిని చూచి, ‘ఇతడు మహావిరక్తుడు, కలశమును సైతము త్యజించినాడు’ అని ఎవ్వరును ప్రశంసింపరు. పూజ కొరవడినదనియే పెద్దలు చెప్పుదురు. మరపు వేరు, త్యాగము వేరు. త్యజించినవానికి తాను దేనిని త్యజించుచున్నాడో తెలియును. మరచినవానికి తన చేతిలో నేమున్నదో కూడ తెలియదు.

ఈ చిన్న ధర్మమును నేటి గృహస్థజీవనమున ఒకచోట మనము బొత్తిగా విస్మరించితిమి. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

మన కాలమున గృహస్థుడు తన నామధేయమును ఎన్నిచోట్ల ఆవాహనము చేసియున్నాడో ఒక్కసారి తలచి చూడవలెను. ఉదాహరణమునకు తిరుమల యాత్ర యొక్కటి చాలును. దర్శనపు టిక్కెట్టునకు దేవస్థానమువారి వెబ్‌సైటులో ఒక ఖాతా, రైలునకు ఒక ఖాతా, రైలులో చోటు దొరకనిచో బస్సునకు మరియొకటి, తిరుపతిలో బసకు ఒకటి, కారునకు ఒకటి, డబ్బు చెల్లించుటకు ఇంకొకటి. యాత్ర నాలుగు దినములలో ముగియును. ఖాతాలు ముగియవు. ఒక్కొక్కదానిలో మన పేరు, ఫోను సంఖ్య, ఈమెయిలు, పుట్టినతేది, కొన్నిచోట్ల ఆధార్ సంఖ్య నిలిచియుండును. వీనికి కాపుగా పాస్‌వర్డు అనబడు సంకేతపదమొకటి. ‘దీనిని దాచియుంచమందువా?’ అని ఫోను అడుగును. మనము ‘సరే’ యందుము. మరల దానిని తలచుకొనము. ఇట్లు పది పండ్రెండేండ్లు గడచిన ఇంట నూరు ఖాతాలున్నను వింతలేదు. ఆవాహనములు నూరు, ఉద్వాసన ఒక్కటియు లేదు.

‘ఉన్నచో నేమి? మూల పడియుండును గదా! అన్నము పెట్టుమని అడుగునా?’ అని కొందరనవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ఒక కుటుంబము తమ కష్టముచేత నేర్చికొన్నది.

హైదరాబాదునకు ఉత్తరమున, మెదక్ జిల్లా నర్సాపూరునకు పోవు రహదారిపై గండిమైసమ్మ కూడలి కలదు. 2016 అక్టోబరులో తెలంగాణమున కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు దుండిగల్ గండిమైసమ్మ అను పేర అక్కడ మండలమును ఏర్పడినది. ఆ చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలు, కర్మాగారములు, కొత్త కొత్త నివాసములు పెరిగినవి. మైసమ్మ చెరువుకట్టలను, పొలిమేరలను కాచు తల్లిగా తెలంగాణమున కొలువబడు గ్రామదేవత. గండి యనగా కట్ట తెగినచోటు. కట్టల సంగతి ఎరిగిన రైతు నడుగుడు, చెప్పును. నిండుగా, బలముగా, పదిమంది నడచు నడుమభాగమున కట్ట తెగదు. ఎండ్రకాయ బొరియ పెట్టినచోట, ఎలుక త్రవ్వినచోట, ఏండ్ల తరబడి ఎవరి కన్నును పడని మూలలో మొదట నీరు ఊరును. పిమ్మట గండి పడును.

ఆ కూడలికి దగ్గరనే నివసించిన ఒక వృద్ధ భక్తుని వృత్తాంతము ఆయన కుటుంబమువలన ఈ వ్యాసకర్తకు తెలిసినది. పేర్లతో మనకు పనిలేదు. ఆయన ఉద్యోగవిరమణ చేసిన పిదప భజనగోష్ఠికి పెద్దగా నుండి, ఏటేట ఇరువదిమందిని తిరుమలకు తోడ్కొనిపోవుచుండెడివారు. అందరి టిక్కెట్లు, గదులు, బండ్లు ఆయనయే చూచెడివారు. మొదట కూడలిలోని జిరాక్సు అంగడివాని కంప్యూటరుపై, పిమ్మట తన ఫోనుపై ఖాతాలు తెరచెడివారు. అన్నిటికిని సంకేతపదమొక్కటియే. ఇష్టదైవము పేరు, దాని ప్రక్కన తాను పుట్టిన సంవత్సరము. స్వామి పేరు పలుమార్లు వ్రాసినట్లు కూడ అగునని ఆయన భావము. ఒక పాత డైరీలో ఖాతాల జాబితా వ్రాసికొనిరి.

ఆయన పరమపదించిరి. ఉత్తరక్రియలన్నియు యథావిధిగా జరిగినవి. వస్త్రములు దానము చేసిరి, పెన్షను కాగితములు సరిచేసిరి. ఫోను మాత్రము అలమారలో నుండిపోయినది. దానికి రీచార్జి చేయించువారు లేరు. ఏడాదిన్నర గడచినది. వైకుంఠ ఏకాదశి వారముండగా, ఆయన ఈమెయిలు నుండి ఆయన పాత మిత్రులకు ఒక లేఖ వెళ్లినది. ‘యాత్రలో సొమ్ము పోగొట్టుకొంటిని. ఎనిమిదివేల రూపాయలు పంపుడు. రాగానే తీర్చెదను’ అని దాని సారము. దగ్గరివారు ఆశ్చర్యపడి ఊరకుండిరి. దూరపు ఊరిలోని ఒక వృద్ధ మిత్రునకు ఆయన పోయిన సంగతి తెలియదు. వెంటనే డబ్బు పంపెను. రెండు దినములాగి ఇంటికి ఫోను చేసి, ‘వదినగారూ, అన్నగారు క్షేమముగా చేరినారా?’ అని అడిగెను.

ఆ ఫోను ఎత్తినది ఆయన ధర్మపత్ని.

జీవితమంతయు ఒకరివద్ద చేయి చాపి ఎరుగని మనిషి పేర, ఆయన పోయిన ఏడాదిన్నరకు అప్పు పుట్టినది. ఆమె తన పెన్షను నుండి ఆ ఎనిమిదివేలును ఆ మిత్రునకు పంపివేసెను. అతడు వలదన్నను వినలేదు. ‘ఆయన పేరుమీద బాకీ ఉండరాదు’ అని ఆమె అన్న ఒక్కమాట.

ఇది ఎట్లు జరిగినది? ఇంజనీరింగు చదువుచున్న మనుమరాలు డైరీని ముందుంచుకొని విచారించినది. చాల ఏండ్ల క్రిందట, ఒకే ఒక రాత్రి బసకొరకు, ఆయన ఏదో వెబ్‌సైటులో ఖాతా తెరచిరి. ఆ వెబ్‌సైటువారి వద్దనుండి వాడుకదారుల పట్టిక తరువాత దొంగలపాలైనది. అందులో ఆయన ఈమెయిలును, సంకేతపదమును ఉన్నవి. ఇట్టి పట్టికలు సంపాదించినవారు ఆ పేర్లను, సంకేతపదములను తీసికొని ఇతర ద్వారములన్నిటికిని యంత్రములచేత వరుసగా పెట్టి చూతురు. ఆయన ఈమెయిలునకును అదే సంకేతపదము. రెండవ పరీక్ష యేదియు పెట్టుకొనలేదు. ఊరిబయటి పాడుసత్రములో జారిపడిన తాళపుచెవి ఇంటి భోషాణమునకు సరిపోయినట్లయినది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. మైస్పేస్ అను సంస్థ ఒకనాడు ప్రపంచమున మిక్కిలి ప్రసిద్ధి గాంచిన సామాజిక వేదిక. జనులు దానిని విడిచి వేరొకచోటికి పోయిరి, ఖాతాలను మూయలేదు. 2013 జూనుకు పూర్వము తెరచిన దాదాపు 36 కోట్ల ఖాతాల వివరములు దొంగిలింపబడి బయటికి వచ్చినవని 2016లో లోకమునకు తెలిసినది. వారిలో అనేకులకు తమకక్కడ ఖాతా ఉన్నదనియే గుర్తులేదు. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ అను సంస్థ తన చమురుగొట్టమును ఆరు దినములు నిలిపివేయవలసి వచ్చినది. టెక్సాసు నుండి న్యూయార్కు వరకు సుమారు 8,800 కిలోమీటర్ల గొట్టమది. దొంగలు ప్రవేశించిన ద్వారము వాడుకలో లేని ఒక పాత ఖాతా. ఎవరును వాడుటలేదు, ఎవరును మూయలేదు. దానికి రెండవ పరీక్ష లేదు. ఆ సంకేతపదము అంతకుమునుపే బయటపడిన సంకేతపదముల రాశిలో కనబడినదని పరిశోధించినవారు చెప్పిరి. సంస్థ దాదాపు 44 లక్షల డాలర్లు దొంగలకు చెల్లించినది. అంత పెద్ద సంస్థకు గండి పడినది మరచిపోయిన మూలలోనే.

గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున త్యాగమును మూడు విధములుగా విభజించి చెప్పెను. చేయవలసిన కర్మను మోహముచేత విడుచుట తామసత్యాగము. శరీరమునకు శ్రమ యగునను భయముచేత విడుచుట రాజసత్యాగము. కర్తవ్యమని ఎరిగి, చేసి, దానియందలి సంగమును, ఫలమును విడుచుట సాత్త్వికత్యాగము. ఈ కొలమానముతో మన ఖాతాలను చూచుకొందము. ‘నాకక్కడ ఖాతా ఉన్నదా?’ అను స్థితి మొదటిది. ‘ఉన్నవని తెలియును గాని, ఇవన్నియు వెదకి మూయుటకు ఓపిక యెవరికున్నది?’ అనుట రెండవది. మన గృహములలో నూటికి తొంబదిపాళ్లు ఈ రెండింటిలోనే ఉన్నవని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. ఒక్కొక్కదానిని తెరచి, అందులో నున్నదానిని చూచి, ఉంచవలసినదానిని ఉంచి, మూయవలసినదానిని మూసి, పిమ్మట దాని తలంపును విడుచుట మూడవది. ఫలము వెనువెంటనే కనబడదు. ఏమియు జరుగకుండుటయే దాని ఫలము.

అది చేయు విధానమెట్టిది? దానికి మన ఆలయములలోనే ఒక చక్కని క్రమము కలదు.

తిరుమల శ్రీవారి ఆలయమున ఏడాదికి నాలుగుమార్లు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. ఉగాదికి, ఆణివార ఆస్థానమునకు, వార్షిక బ్రహ్మోత్సవములకు, వైకుంఠ ఏకాదశికి ముందు వచ్చు మంగళవారమున ఆలయశుద్ధి చేయుదురు. గర్భాలయములోని సామగ్రిని వెలుపలికి తెత్తురు. మూలవిరాట్టును వస్త్రముతో కప్పుదురు. పైకప్పును, గోడలను, పాత్రలను నీటితో శుద్ధి చేయుదురు. నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరిపసుపు, గడ్డకర్పూరము, గంధము, కుంకుమ, కిచిలిగడ్డ మొదలగునవి కలిపిన పరిమళజలమును అంతటను ప్రోక్షింతురు. పిదప వస్త్రమును తొలగించి, ప్రత్యేకపూజ, నైవేద్యము జరిపి, భక్తులను దర్శనమునకు అనుమతింతురు. నిత్యము పూజలందుకొను సన్నిధికే ఏడాదికి నాలుగుమార్లు ఈ శుద్ధి అవసరమైనప్పుడు, పదేండ్లుగా ఒక్కనాడును చూచుకొనని మన ఖాతాలమాట చెప్పవలెనా?

ఆ క్రమమునే అనుసరింతము. మొదట సామగ్రిని వెలుపలికి తెచ్చుట. ఫోనులోను, కంప్యూటరులోను దాచిన సంకేతపదముల పట్టిక ‘సెట్టింగులు’ అను భాగమున దొరకును. దానిని తెరచి కాగితముపై వ్రాసికొనవలెను. ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగును. దాచిన సంకేతపదమును తుడిచివేసినచో ఖాతా పోయినదని అనేకులు తలంతురు. ఫోనునుండి యాప్‌ను తీసివేసినచో అంతయు ముగిసినదని తలంతురు. రెండును సరికాదు. తలుపు తెరచియుండగా తాళపుచెవిని బావిలో పారవేసినంతమాత్రమున ఇల్లు మూతపడదు గదా! మొదట ఆ సంకేతపదముతోనే లోపలికి పోవలెను. కావలసిన కాగితములు, చిత్రములు వెలుపలికి తెచ్చుకొనవలెను. అచ్చట దాచిన కార్డు వివరములను తీసివేయవలెను. ఖాతాను మూయుమని కోరవలెను. మూసినట్లు వర్తమానము వచ్చిన పిదపనే సంకేతపదమును తుడువవలెను.

రెండవది మూలమూర్తిని కప్పుట. ఖాతాలన్నిటికిని మూలమైనవి మూడు: ఈమెయిలు, ఫోను సంఖ్య, బ్యాంకు. మిగిలినవాని సంకేతపదములు మరచినచో తిరిగి తెరచుట ఈమెయిలు వలననో ఫోనునకు వచ్చు ఓటీపీ వలననో జరుగును. కావున వీనికి రక్షణ ముందు కల్పించి, పిదప తక్కినవాని జోలికి పోవలెను. తొందరపడి పాత ఈమెయిలును ముందుగా మూసినచో, దానిని ఆధారముగా చేసికొన్న పది ఖాతాలకు త్రోవ తెగిపోవును. ఫోను సంఖ్య సంగతి మరింత జాగ్రత్తగా చూడవలెను. రద్దయిన సంఖ్యను కనీసము 90 దినములవరకు వేరొకరికి కేటాయింపరాదని నియమము. పిదప కేటాయింపవచ్చును. ఈ విషయము 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందు చర్చకు వచ్చినప్పుడు, పాత సంఖ్యతో ముడిపడిన వాట్సాప్ ఖాతాను, సమాచారమును తొలగించుకొనుట చందాదారుని జాగ్రత్త యని న్యాయస్థానము పలికినది. సంఖ్యను విడుచుటకు ముందే బ్యాంకులోను, ఆధార్‌లోను, ఈమెయిలులోను కొత్తసంఖ్యను నమోదు చేయించుట మంచిది. మన పేరున ఎన్ని ఫోను కనెక్షన్లున్నవో తెలిసికొనుటకు కేంద్రప్రభుత్వపు సంచార్ సాథీ వెబ్‌సైటు 2023 మేనుండి కలదు.

మూడవది శుద్ధి. పనికిరానిదానిని మూయుటయే శుద్ధి. గూగుల్ సంస్థ రెండేండ్లపాటు ఎవరును వాడని వ్యక్తిగత ఖాతాలను 2023 డిసెంబరు మొదలుకొని తొలగింపనారంభించినది. అన్ని సంస్థలు అట్లు చేయవు. మనమే కోరవలెను. పౌరుడు తన వివరములను తుడిచివేయుమని కోరుటకు హక్కు కల్పించు చట్టము మనదేశమున 2023లో వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలునకు వచ్చుచున్నవి.

నాలుగవది పరిమళప్రోక్షణము. ఉంచుకొన్న ఖాతాలకు కొత్త సంకేతపదములు పెట్టుట. ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క తాళపుచెవి. దేవుని పేరు, పిల్లల పేరు, పుట్టిన సంవత్సరము వలదు. దొంగ మొట్టమొదట పెట్టి చూచునవి అవియే. ఒకదానితో నొకటి పొంతనలేని నాలుగైదు మాటలను కూర్చిన పొడవైన సంకేతపదము, గుర్తుంచుకొనుటకు సులభము, ఊహించుటకు కష్టము. అన్నియు గుర్తుండవన్నచో నమ్మదగిన సంకేతపదసంరక్షణ యాప్‌లో నుంచవచ్చును. వృద్ధులు ఇంటిలో భద్రమైన చోట పుస్తకములో వ్రాసియుంచినను దోషము లేదు. ఫోను వెనుక అంటించుట, వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకొనుట, జిరాక్సు అంగడి కంప్యూటరులో దాచుట మాత్రము దోషము. ఇక రెండవ పరీక్ష. మన ఆలయములలో ఏ ద్వారమునకును ఒక్క ద్వారపాలకుడు మాత్రమే నిలువడు. బంగారువాకిలికి ఇరుప్రక్కల జయవిజయులిరువురును ఉందురు. సంకేతపదము మొదటి ద్వారపాలకుడు. ఫోనులో వచ్చు అనుమతి రెండవవాడు. మొదటివానిని మోసగించినవాడు రెండవవానివద్ద ఆగిపోవును.

ఈ శుద్ధిని ఉగాది మొదలగు నాలుగు పర్వములకు ముందు, ఒక మంగళవారమున, ఇంటిల్లిపాది కూర్చుండి చేసికొన్నచో మరపు చేరుటకు తావుండదు. దేవస్థానముల పేర వెలసిన నకిలీ వెబ్‌సైట్లలో ఎప్పుడైన వివరములిచ్చితిమా యని కూడ అప్పుడే చూచుకొనవలెను. 2023 నాటికే అట్టివి నలుబదికి పైగా గుర్తింపబడినవి. మోసము జరిగినదని తోచినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేయిదాటును.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. ‘దాచుటకు నావద్ద నేమున్నది? నేను సామాన్యుడను. అంతయు భగవంతునిది. శరణాగతుడైనవానికి ఈ తాళములు, ద్వారపాలకులు ఎందుకు?’ అని. వినుటకు ఇది వైరాగ్యమువలె నుండును. కాని శరణాగతి నెరిగిన ఆచార్యులు అట్లు చెప్పలేదు. శ్రీవేదాంతదేశికులు ప్రపత్తిని సమర్థించుచు రచించిన గ్రంథమునకు నిక్షేపరక్ష యని పేరు. నిక్షేపమనగా నమ్మి ఒకరిచేత నుంచినది. ఆత్మను తనదిగాక స్వామిదిగా ఎరిగి, స్వామియొద్ద నిక్షేపించుట ప్రపత్తి. నాది కానిదానియెడలనే నాకు ఎక్కువ జాగ్రత్త యుండవలెను. భరతుడు నందిగ్రామమున పదునాలుగేండ్లు రాజ్యమును తనదని తలపలేదు. అందుచేతనే అన్నగారు తిరిగివచ్చిననాడు కోశమును, కోష్ఠాగారమును పదిరెట్లుగా చూపి అప్పగింపగలిగెను. ‘నాది కాదు’ అని ఉపేక్షించియుండినచో ఏమి అప్పగించెడివాడు?

మన ఖాతాలలో నున్నది మనది మాత్రమే కాదు. మన మిత్రుల ఫోను సంఖ్యలు, గోష్ఠిలోని ఇరువదిమంది ఆధార్ కాగితములు, మనుమల చిత్రములు, అన్నిటికి మించి మనపై ఇతరులకు గల నమ్మకము. ఇవన్నియు నిక్షేపములు. గండిమైసమ్మలోని ఆ వృద్ధుని ఖాతానుండి దొంగ తీసికొన్నది ఆయన సొమ్మును కాదు. ఆయన మాటయెడల మిత్రునకు గల విశ్వాసమును.

భగవద్రామానుజులు తిరుక్కోష్టియూరున గోపురమెక్కి, గురువు రహస్యముగా నుంచుమన్న మంత్రార్థమును అందరికిని వెల్లడించిరి. ఆ రహస్యము పంచినకొలది పదిమంది తరింతురు. సంకేతపదము అట్టిది కాదు. అది పంచినకొలది పదిమంది మునుగుదురు. ఏది పంచవలెనో ఏది దాచవలెనో ఎరుగుటయే వివేకము. భగవన్నామము నాలుకపై నుండవలసినది. దానిని తాళపుచెవిగా చేసి మూల పడవేయుట నామమునకును మర్యాద కాదు, తాళమునకును బలము కాదు.

ఇక ఆ కుటుంబము ఏమి చేసినదో చెప్పి ముగింతును. ఆ సంవత్సరము ధనుర్మాసమున ప్రతిదినము తెల్లవారుజామున తిరుప్పావై అనుసంధానము, పొంగలి ఆరగింపు అయిన పిదప, నాయనమ్మయు మనుమరాలును డైరీ ముందు కూర్చుండిరి. దినమునకు ఒక పాశురము, దినమునకు ఒక ఖాతా. ఇంటి కంప్యూటరులో ఆయన ఈమెయిలు ఇంకను తెరచియుండుటయు, దొంగలు సంకేతపదమును మార్చకుండుటయు వారి భాగ్యము. మొదట దానిని మార్చి దొంగలను వెలుపలికి నెట్టిరి. ఫోను సంఖ్య అప్పటికే వేరొక ఊరివాని చేతికి చేరినది. ఓటీపీ అతనికి పోవుచున్నందున కొన్ని ఖాతాలను నేరుగా మూయలేకపోయిరి. ఆ సంస్థలకు మరణధ్రువపత్రము జతచేసి వ్రాసిరి. కొందరు వెంటనే మూసిరి, నాలుగింటినుండి ఇంకను జవాబు లేదు. బ్యాంకు పనిమాత్రము ఫోనుతో చేయక, నామినీగా స్వయముగా శాఖకు పోయి చక్కబెట్టుకొనిరి.

పదవనాడో పండ్రెండవనాడో ఆమె చేయి ఆగినది. ‘బిడ్డా, ఇవన్నియు మూసివేసినచో మీ తాత పేరు మాసిపోదా?’ అని అడిగెను. మనుమరాలు తడవు మౌనముగా నుండి, ‘నాయనమ్మా, ఆబ్దికమునాడు నాన్నగారు గోత్రము చెప్పి తాతగారి పేరు పలుకుదురు గదా. ఆ పేరును ఎవడు దొంగిలించును? దొంగ చేతికి చిక్కునట్టి చోట మాత్రము తాతగారి పేరును ఉంచవద్దు’ అనెను. ఆ మాటతో ఆమె మనస్సు కుదుటపడినది. ఆయన తీసిన యాత్రాచిత్రములన్నిటిని వేరుగా దాచి, రెండింటిని అచ్చువేయించి గోడకు తగిలించిరి.

భోగికి ముందునాడు మిగిలినది ఈమెయిలు ఒక్కటి. ‘నీవు నొక్కవద్దు బిడ్డా, నేనే నొక్కెదను’ అని ఆమె స్నానము చేసి వచ్చి, అక్షతలు చేత పట్టుకొని, తనకు తెలిసిన ఉద్వాసన మాటలు మెల్లగా పలికి, ఖాతాను మూసెను. మరునాటి వేకువను డైరీలోని సంకేతపదముల పుటలను భోగిమంటలో వేసిరి. యాత్రల లెక్కలు, గోష్ఠివారి పేర్లు వ్రాసిన పుటలను మాత్రము ఆమె ఉంచుకొన్నది. ఆ దినమే గోదాకల్యాణమునకు పోయి వచ్చిరి.

తరువాత ఆమె తన ఖాతాల పట్టిక తాను వ్రాసి, తన తదనంతరము ఏది మూయవలెనో, ఏది ఎవరికి చేరవలెనో వివరించి, కొడుకు చేతికిచ్చినది. గూగుల్ వంటి సంస్థలలో, మనము కొంతకాలము కనబడనిచో ఎవరికి తెలియజేయవలెనో ముందుగానే నిర్ణయించు సదుపాయము 2013నుండి కలదు. దానిని కూడ మనుమరాలిచేత ఏర్పాటు చేయించుకొన్నది. అంత్యకాలమున స్మరింపవలసినవాడు ఒక్కడున్నాడు. ఆనాడు మనస్సు నూరు వాకిళ్ల వెంట పరుగెత్తకుండుటకు ఇప్పుడే వాకిళ్లను మూసికొనుట ఒక సాధనము.

భక్తమహాశయులారా! వచ్చు పర్వమునకు ఇల్లు కడిగి, గడపకు పసుపు రాచి, మామిడితోరణము కట్టునాడు, చేతిలోని ఫోనును కూడ ఒక గది యని తలచి ఒక్క గడియ దానిని శుద్ధి చేయుడు. తెరచినదానిని మూయుట నేర్చినవానికి, మూయవలసిననాడు భయముండదు. మన పేరు ఒకరి నమ్మకమునకు గండి కొట్టకుండునట్లు, మన ఇండ్లను, మన మాటలను, మన మరపులను సైతము ఆ శ్రీనివాసుడు కాపాడుగాక!